టెక్సాస్‌లో దివిటీలు

న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ పాఠశాలలు 2024లో మొదటిసారి దీపావళికి మూతపడ్డాయి గాని, టెక్సాస్‌లో నేను విజ్ఞానశాస్త్రం బోధించే బడికి ఆ భాగ్యం దక్కలేదు. పైగా ఆ ఏడాది పండుగ అక్టోబరు 31న, సరిగ్గా పిల్లలు దయ్యాల వేషాలు వేసి మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే హాలోవీన్ నాడే వచ్చింది. భారతదేశంలో ఆనాటి మధ్యాహ్నం ప్రవేశించిన అమావాస్య మర్నాటి సాయంకాలం దాకా ఉండటంతో పండుగ ఏ రోజన్న చర్చ నడిచింది. మాకు మాత్రం కాలభేదం వల్ల తెల్లవారుజామునే తిథి మొదలై రాత్రంతా ఉన్నందున సందేహానికి తావే లేకపోయింది.

పగలంతా దయ్యాల వేషాల్లో ఉన్న పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం ప్రమిదల్లో నువ్వుల నూనె పోశాను. మా కోస్తా ఇళ్లలో దీపాలు పెట్టే వేళ పిల్లలు గోగు కర్రలకు నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టి, వెలిగించి, "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకు కొట్టి, ఆపైన కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి తీపి తినడం ఆచారం. ఇక్కడ గోగు కర్రలు ఎక్కడివి? ఎండు కొమ్మలతోనే సరిపెట్టి, పొగ పసిగట్టే యంత్రం గోల పెడుతుందని (ఆ మోతకన్నా లక్ష్మీబాంబే నయం) తతంగమంతా ఆరుబయటే కానిచ్చాం.

అంతలో మిఠాయిల కోసం వచ్చిన వేషధారుల్లో నా తరగతి పిల్లలూ కనిపించారు. వేరుశెనగ పడని పిల్లలు ఇక్కడ ఎక్కువ కనుక, సున్నుండల్లో మినప్పిండి, బెల్లం, నెయ్యి తప్ప మరేమీ లేవని తల్లిదండ్రులకు చెప్పాకే చేతిలో పెట్టాను. ఒక అస్థిపంజరం నెయ్యి అంటిన వేళ్లు నాకుతూ ఇంకొకటి అడిగింది.