గంధకం లేని డీజిల్

సహజవాయువును డీజిల్‌గా మార్చే విద్య కొత్తదేమీ కాదు. దానికి 1925 ప్రాంతంలో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రోప్ష్ పునాది వేశారు, కాకపోతే వారి ముడిసరుకు బొగ్గు. ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో రోజుకు 1,40,000 పీపాల సామర్థ్యంతో కట్టిన పెర్ల్ కర్మాగారానిదీ అదే సూత్రం.

సహజవాయువులో ప్రధానమైన మీథేన్‌ను ఆక్సిజన్‌తో పాక్షికంగా మండించి, వచ్చిన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల మిశ్రమాన్ని కోబాల్ట్ ఉత్ప్రేరకం మీదుగా పంపితే, కార్బన్ పరమాణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి మైనపు గొలుసులవుతాయి. వాటిని మళ్ళీ విరిచి డీజిల్, కిరోసిన్ తీస్తారు. ఈ ఇంధనం శుభ్రత వెనుక ఉన్నది పర్యావరణ ప్రేమ ఒక్కటే కాదు: గంధకం తగిలితే కోబాల్ట్ చచ్చుబడిపోతుంది కనుక, దానిని ముందే తొలగించక తప్పదు. అయితే వాయువులోని శక్తిలో మూడో వంతుకు పైగా ఈ మార్పిడికే ఖర్చవుతుంది. అందుచేత బండి పొగ తేలికపడినా, కార్బన్ డయాక్సైడ్ లెక్క తగ్గిందని నేను ఒప్పుకోను.