రెండు తెలుపులు

ఈ దేశానికి వచ్చిన మూడో నెలలో, ఒక రాత్రి షిఫ్ట్‌లో నేను చేసిన తప్పు ఇంకా నా కళ్ల ముందే ఉంది. పెట్ బాటిళ్లు, అంటే నీళ్లకూ కూల్‌డ్రింకులకూ వాడే ప్లాస్టిక్ సీసాలు, ఊదే మెషీన్ నాకు అప్పగించారు. అర్ధరాత్రి దాటాక బాటిళ్ల అడుగు తెల్లబడటం మొదలైంది. తెల్లబడితే వేడి ఎక్కువైనట్టే అని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట గుర్తుంది. ఓవెన్‌లో అడుగు వైపు ల్యాంపులు రెండు శాతం తగ్గించాను. తెలుపు ఇంకా పెరిగింది. మరో రెండు తగ్గించాను. తెలుపు పైకి పాకింది, కొన్ని బాటిళ్లు ఊదేటప్పుడే పగిలిపోయాయి. స్క్రాప్ డబ్బా నిండింది. సూపర్‌వైజర్‌ని పిలుద్దామంటే భయం. పిలిచినా ఏమని చెప్పాలి? ఆయన భాష నాకు రాదు, నా ఇంగ్లీషు ఆయనకు అర్థం కాదు. మెషీన్ ఆగితే నా కాంట్రాక్ట్ ఏమవుతుందోనని టెన్షన్ ఒకటి.

పక్క మెషీన్ సీనియర్ ఆపరేటర్ ఆ చప్పుడుకు వచ్చారు. ఆయనది ఇంకో దేశం, ఇంకో భాష. ఏమీ అడగలేదు. డబ్బాలోంచి ఒక బాటిల్ తీసి, కత్తెరతో నడుము దగ్గర అడ్డంగా కోసి, నా వేలు పట్టుకుని లోపలి గోడ మీద రుద్దించారు. సన్నటి గరుకు తగిలింది. ట్యూబ్‌లైట్ కింద తిప్పితే ఆ తెలుపు ముత్యంలా మెరిసింది. తర్వాత తన మెషీన్ దగ్గర దాచుకున్న మరో ముక్క తెచ్చారు. అదీ తెలుపే. కానీ మెరుపు లేదు, నీళ్లలో నాలుగు చుక్కలు పాలు పడ్డట్టు మసక. వేలికి నున్నగా తగిలింది. మొదటి ముక్క చూపించి రెండు చేతులూ ఒంటికి కరుచుకుని వణికారు. రెండో ముక్క చూపించి అరచేత్తో ముఖానికి విసురుకున్నారు. మొదటిది చలికి, రెండోది ఉక్కకు. ఆ రాత్రి మా ఇద్దరి మధ్య ఒక్క మాట కూడా నడవలేదు. నేను నేర్చుకున్న పనిలో సగం ఆ పది నిమిషాల్లోనే నేర్చుకున్నాను.

పెట్ ప్రీఫార్మ్‌ని, అంటే ఇంకా బాటిల్ కాని మందపాటి చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని, సుమారు 95 నుంచి 110 డిగ్రీల వరకు వేడి చేసి, స్ట్రెచ్ రాడ్ అనే కడ్డీతో పొడవునా సాగదీస్తూ గాలితో అడ్డంగా ఊదుతాం. చాలినంత వేడి ఎక్కని ప్రీఫార్మ్‌ని బలవంతంగా సాగదీస్తే లోలోపల కంటికి కనిపించనంత సన్నగా చిట్లుతుంది. అదే ముత్యపు తెలుపు. అది ముందు లోపలి గోడలో ఎందుకు వస్తుందంటే, ల్యాంపుల వేడి బయటి నుంచి లోపలికి చేరాలి, పైగా బయటి పొర కంటే లోపలి పొరే ఎక్కువ రెట్లు సాగాలి. మసక తెలుపు దీనికి పూర్తిగా వేరు. వేడి మరీ ఎక్కువై ప్లాస్టిక్ స్ఫటికంలా గట్టిపడితే వచ్చేది అది. ఒకదానికి వేడి పెంచాలి, రెండోదానికి తగ్గించాలి. ఒకదాని మందు రెండోదానికి వేస్తే ఏమవుతుందో ఆ రాత్రి చూశాను. ఇంకో మాట. ఊదకముందే ప్రీఫార్మ్‌ని వెలుగుకు పెట్టి చూడండి. గేటు దగ్గర, అంటే అడుగున ప్లాస్టిక్ లోపలికి పోసిన చుక్క దగ్గర, అప్పటికే తెల్లగా ఉంటే ఆ లోపం దాన్ని తయారు చేసిన మెషీన్‌ది. ఊదేవాడు ఎన్ని నంబర్లు మార్చినా పోదు.

మర్నాడు అసలు కారణం తెలిసింది. ఆ రాత్రి ప్రీఫార్మ్ పెట్టెలు చల్లటి గోదాములోంచి నేరుగా హాపర్‌లోకి, అంటే మెషీన్‌కి ప్రీఫార్మ్‌లు అందించే తొట్టిలోకి, వచ్చాయి. ల్యాంపులు ఎప్పటిలాగే వెలుగుతున్నాయి, లైను వేగం మారలేదు. కానీ చల్లగా లోపలికి వెళ్లిన ప్రీఫార్మ్ బయటికీ చల్లగానే వస్తుంది. అది తెలియక ల్యాంపులు పెంచితే, గదిలో వేడెక్కిన పెట్టెలు వచ్చేసరికి మసక తెలుపు పట్టుకుంటుంది. రాత్రి వాళ్లు పెంచుతారు, పగటి వాళ్లు తగ్గిస్తారు, తప్పు నీదంటే నీదని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. కొత్తగా వచ్చిన పరాయి దేశపు వాడు ఉంటే చివరికి నింద అతని మీదే పడుతుంది, ఎందుకంటే ఎదురు చెప్పడానికి అతనికి మాట రాదు. ఇది నాకు చాలాకాలం బాధగా ఉండేది. పెట్టెలను ఒక రోజు ముందే మెషీన్ హాలులోకి తెచ్చి పెట్టడం మొదలయ్యాక ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది.

నన్ను ఎక్కువ రోజులు తికమక పెట్టింది గోడ మందం. బాటిల్ భుజం పలచగా వస్తోంది. అక్కడ ప్లాస్టిక్ చాలడం లేదు కాబట్టి ఆ భాగానికి వేడి పెంచాలని నా మనసు చెప్పేది. చేయాల్సింది తగ్గించడం. వేడిగా ఉన్న చోట ప్లాస్టిక్ సులువుగా సాగి పలచబడుతుంది. కాస్త చల్లగా ఉన్న చోట సాగకుండా నిలిచి మందంగా ఉండిపోతుంది. ఇది కంటితో చూసి నమ్మడం కష్టం. అందుకే బాటిల్‌ని వేడి తీగతో భుజం, నడుము, అడుగు అని మూడు ముక్కలుగా కోసి తూకం వేస్తాం. ల్యాంపు మార్చక ముందు, మార్చాక ఒకసారి తూచి చూస్తే ప్లాస్టిక్ ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో గ్రాముల్లో తెలుస్తుంది. ఒక పక్క మందం, ఎదురు పక్క పలచన అయితే మాత్రం ల్యాంపుల జోలికి పోకండి. ఓవెన్‌లో ప్రీఫార్మ్ తన చుట్టూ తాను తిరుగుతోందో లేదో ముందు చూడాలి. తిరగకపోతే ఒక వైపే కాలుతుంది.

ఏ సెట్టింగ్ ముట్టుకోవడానికైనా ముందు నేను అడిగేది ఒక్కటే: లోపం ఎన్ని మోల్డుల్లో (బాటిల్‌కి ఆకారమిచ్చే అచ్చుల్లో) వస్తోంది? చాలా బాటిళ్లకు అడుగున మోల్డ్ నంబర్ అచ్చు వేసి ఉంటుంది. అన్ని నంబర్లలోనూ వస్తుంటే ఓవెన్, గాలి, ప్రీఫార్మ్ చూడాలి. ఒక్క నంబర్‌లోనే వస్తుంటే ఆ మోల్డ్, ఆ రాడ్, ఆ వాల్వ్ చూడాలి. ఒక్క మోల్డ్ తప్పుకు మొత్తం ఓవెన్ మార్చేసి, బాగా వచ్చే బాటిళ్లను కూడా పాడు చేసుకున్న షిఫ్టులు నేను చాలా చూశాను.

రెండో ఏడు నన్ను హెచ్‌డీపీఈ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేసే క్యాన్ల వైపు వేశారు. అక్కడ ప్రీఫార్మ్ ఉండదు. కరిగిన ప్లాస్టిక్ గొట్టంలా కిందికి దిగుతుంది, దాని చుట్టూ మోల్డ్ మూసుకుంటుంది. గొట్టం తన బరువుకు తానే సాగితే క్యాన్ పైభాగం పలచన అవుతుంది. మోల్డ్ నొక్కే అంచు అరిగితే అడుగు అతుకు బలహీనపడి, కింద పడేసి చూసే పరీక్షలో అక్కడే విడిపోతుంది. నాకు కొత్తగా అనిపించింది మాత్రం క్యాన్ మీద వచ్చే సన్నటి గుంటలు. గాలిలో తేమ ఎక్కువైన రోజుల్లోనే వచ్చేవి. చల్లటి నీళ్లు తిరిగే మోల్డ్‌కి చెమట పడుతుంది, ఆ నీటి బొట్ల మీదే ప్లాస్టిక్ అంటుకుంటుంది. ప్లాస్టిక్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు పోగొట్టుకున్నాం. మోల్డ్ తెరిచి అరచెయ్యి ఆనించి ఉంటే తడి తెలిసేది. చల్లనీళ్ల వేడి కొంచెం పెంచాక గుంటలు పోయాయి.

పోయిన నెల మన తెలుగు కుర్రాడు ఒకడు కొత్తగా చేరాడు. రెండు వారాలకే రాత్రి షిఫ్ట్ ఇచ్చారు. తెల్లవారుజామున పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, గేటు మధ్యలో రావట్లేదు, పక్కకు పోతోంది. ప్రీ-బ్లో లేట్ చేయనా?"

వాడు అడిగింది సరైన ఆలోచనే. రాడ్ అడుగుకు చేరకముందే ప్రీ-బ్లో, అంటే మొదట వదిలే తక్కువ ఒత్తిడి గాలి, పడితే ప్రీఫార్మ్ పక్కకు ఒరిగిపోతుంది. అయినా ముందు నా ప్రశ్న నేను వేశాను.

"ఎన్ని మోల్డుల్లో తమ్ముడూ?"

"చూడలేదన్నా."

"వెళ్లి చూసి రా. అప్పటిదాకా ఏదీ ముట్టుకోకు. ఎవరైనా అడిగితే నేను చెప్తాను."

పన్నెండు బాటిళ్లు నంబర్ వరసలో బోర్లించి పెట్టాడు. పదకొండింటికి గేటు చుక్క నడిమధ్యలో ఉంది. ఏడో నంబర్‌ది మాత్రం పక్కకు జరిగింది. మెషీన్ ఆపి, ఏడో నంబర్ రాడ్ విప్పి, చదునైన బల్ల మీద దొర్లించాం. సగం చుట్టు తిరగగానే రాడ్ మధ్యలో బల్లకీ ఇనుముకీ నడుమ సన్నగా వెలుగు కనిపించింది. వంగింది. కొత్త రాడ్ వేశాక మొదటి బాటిల్‌ని వాడే పట్టుకుని, అడుగు చూసి, నాకు చూపించాడు.

లాగ్‌బుక్‌లో ఏం రాయాలని అడిగాడు. పొద్దున వచ్చే ఆపరేటర్‌కి వీడి భాష రాదు, వీడికి ఆయనది రాదు. కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, ముందు 7 అంకె వేశాడు. దాని పక్కన ఒక గుండ్రం గీసి, ఓ అంచుకు చుక్క పెట్టాడు. ఆ పక్కనే వంకరగా ఒక గీత, దానికి కొట్టివేత. దాని కింద నిటారుగా ఇంకో గీత, మధ్యలో చుక్కతో ఇంకో గుండ్రం.