బాక్స్ తాబేలు పిల్లకు ఆకుకూరలు ఒక్కటే చాలవు

అమెరికాలో బాక్స్ తాబేలు (డిప్పను పెట్టెలా మూసుకోగల చిన్న తాబేలు) పిల్లను పెంచేవాళ్లు తరచూ చేసే పొరపాటు, ఆకులతో సరిపెట్టడం. పెద్దయ్యాక ఆకులూ పండ్లూ బాగానే తింటుంది గానీ, మొదటి ఏడాది దానికి ముఖ్యంగా కావలసింది పురుగులే. వానపాము ముక్కలు, చిన్న కీచురాళ్లు రోజూ పొద్దున్నే పెట్టండి. ముక్క దాని తలకంటే చిన్నదిగా ఉండాలి. కదిలేదాన్నే ముందు పట్టుకుంటుంది కాబట్టి, తురిమిన చిలగడదుంపను వానపాముకు అంటించి పెడితే రెండూ లోపలికి పోతాయి. దుంప మానేయొద్దు: విటమిన్ ఎ తగ్గితే కళ్లు వాచి మూసుకుపోతాయి, తిండీ మానేస్తుంది.

వారానికి మూడుసార్లు ఫాస్ఫరస్ లేని కాల్షియం పొడి చల్లండి. యూవీబీ దీపం (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం) లేకపోతే ఆ కాల్షియం సరిగా ఒంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్లనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేస్తాయి. మందు కొట్టిన లాన్‌లో పట్టిన పురుగులు అసలే వద్దు.