పదిహేనో ప్రయత్నం: ఇంకు ఇంకా ఊరుతూనే ఉంది

ఇంట్లో నేనే అరటినారతో కాగితం చేస్తున్నాను. ఆదివారం సాయంత్రం కొత్త కాగితం మీద రత్నం పెన్నుతో 'అమ్మ' అని రాశాను. 'అ' గీత గీతలాగే నిలిచింది. ఎంత సంతోషం వేసిందో! 'మ్మ' దగ్గరికి వచ్చేసరికి ఒత్తు కింద ఇంకు ఊరి, సాలెపురుగు కాళ్లలా నాలుగు వైపులా పాకింది. ఒకే కాగితం, ఒకే పెన్ను, మధ్యలో సెంటీమీటరు దూరం.

మిగతా పనులన్నీ కుదిరాయి. కాగితం చట్రం నుంచి చిరగకుండా దిగుతోంది, అద్దం మీద ఆరబెడితే ముడతలు రావడం లేదు, బరువు చదరపు మీటరుకు 100 గ్రాముల దగ్గర నిలబడింది. మిగిలింది సైజింగ్, అంటే ఇంకు ఊరకుండా కాగితాన్ని సిద్ధం చేయడం ఒక్కటే. నెలన్నరగా దానితోనే కుస్తీ.

ఇంకు ఊరడాన్ని కంటితో చూసి చెప్పుకుంటే లాభం లేదని ఇంట్లోనే కాబ్ టెస్ట్ పెట్టుకున్నాను, కాగితం ఎన్ని నీళ్లు పీలుస్తుందో కొలిచే పరీక్ష. 110 మి.మీ. పీవీసీ పైపు ముక్కకు లోపలి వ్యాసం 104 మి.మీ., అంటే 85 చదరపు సెంటీమీటర్లు. కాగితం మీద దాన్ని బిగించి 85 మి.లీ. నీళ్లు పోసి, 60 సెకన్ల తర్వాత ఒంపేసి, అద్దుడు కాగితంతో ఒత్తి తూకం వేస్తాను. పెరిగిన బరువును చదరపు మీటరుకు లెక్కగడితే అదే కాబ్ విలువ. నా లక్ష్యం 25. సైజింగ్ అసలు లేని 11వ విడతలో 0.92 గ్రాములు పెరిగింది, అంటే 108.

12వ విడత: 180 గ్రాముల పొడి నార, 30 లీటర్ల బోరునీళ్లు, పుస్తకంలో చెప్పినట్టు నార బరువులో 2 శాతం రోజిన్ (పైన్ చెట్టు బంక), 4 శాతం పటిక. రోజిన్‌ను సోడా యాష్‌తో ఉడికించి సబ్బు చేసుకున్నాను, 20 గ్రాములకు మూడున్నర గ్రాముల సోడా. టబ్బులో పోయగానే విరిగిన పాలలా తెల్లటి ముక్కలు తేలాయి. కాబ్ 106. సైజింగ్ చేసినా చేయకపోయినా ఒకటే అన్నమాట. 13లో రెండూ రెట్టింపు చేశాను. 101.

కాగజ్‌నగర్ పేపరు మిల్లులో పనిచేసి రిటైరైన బాబాయికి ఫోన్ చేశాను. పూర్తిగా చెప్పనివ్వకుండానే, "పీహెచ్ ఎంతరా?" అన్నారు. చూడలేదన్నాను. "పటిక వేశాక ఐదు దగ్గర లేకపోతే రోజిన్ నారను పట్టుకోదు. ముందు నీళ్లు చూసుకో" అన్నారు. పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) కొలిచే హన్నా మీటరు కొన్నాను. ఖరీదే, కానీ రంగు చూసి ఊహించుకునే స్ట్రిప్‌ల కంటే వెయ్యి రెట్లు నయం. మిగిలిన 13వ విడత నీళ్లలో పెడితే 7.1.

తర్వాత అక్వేరియం షాపులో దొరికే, నీళ్లలో క్షారత కొలిచే కేహెచ్ కిట్‌తో బోరునీళ్లు చూశాను. రంగు మారడానికి 17 చుక్కలు పట్టాయి, అంటే లీటరుకు దాదాపు 300 మిల్లీగ్రాముల క్షారత. 30 లీటర్లకు 9 గ్రాములు. దాన్ని చంపడానికే 29 గ్రాముల పటిక కావాలి. నేను వేసింది మొదట 7, తర్వాత 14. వేసిన పటికంతా నీళ్లకే సరిపోయింది, రోజిన్ దాకా చేరనే లేదు. పైగా మన కిరాణా కొట్టు పటికలో అల్యూమినియం 5.7 శాతమే. మిల్లులు వాడే అల్యూమినియం సల్ఫేట్‌లో 8, 9 శాతం ఉంటుంది. పుస్తకంలో ఉన్న శాతాలు ఆ పటికవి. మనం ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి.

14లో వరస మార్చాను: ముందు 38 గ్రాముల పటిక, తర్వాత రోజిన్ సబ్బు. కఠిన జలంలో సబ్బు విరిగిపోకుండా ఇదో పద్ధతి. పీహెచ్ 4.8కి దిగింది. కానీ బైకార్బొనేట్ అంతా గ్యాసై గోలీసోడాలా పొంగింది. బుడగలు నారను పట్టుకుని గుజ్జు మొత్తం పైకి తేలింది. కాగితం ఎత్తి చూస్తే నిండా సూదిబెజ్జాలు. కాబ్ 52. సగానికి దిగిందని ఆనందపడాలో బెజ్జాలు చూసి ఏడవాలో తెలియలేదు.

ఇక ఈ 15. డాబా మీద మొదటి పది నిమిషాల వాన వదిలేసి, తర్వాతి నీళ్లు పట్టాను. కేహెచ్ ఒక్క చుక్కే. ఇప్పుడు 7 గ్రాముల పటిక చాలాలి. వేశాను. పీహెచ్ 6.3. నమ్మలేక మీటరును పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో మళ్లీ సరిచూశాను. మీటరు బాగానే ఉంది. ఇంకో 6 గ్రాములు వేస్తే 5.0కి వచ్చింది. సగం కాగితాలు తీసి పడుకున్నాను. తెల్లారి చూస్తే మళ్లీ 6.0. నీళ్లలో క్షారం లేదు. అంటే నారలోంచే మెల్లగా కరిగి వస్తోంది.

నార ఉడికించింది సున్నంలో. నీళ్లలో సున్నం లీటరుకు రెండు గ్రాములు కూడా కరగదు, మిగిలింది పిండిగానే నారలో ఇరుక్కుంటుంది. ఉడికాక దాన్ని నేను ఏడుసార్లు కడిగాను, అదీ బోరునీళ్లతో! సున్నం, బైకార్బొనేట్ కలిస్తే సుద్ద అవుతుంది. కడిగిన కొద్దీ సున్నం పోలేదు, సుద్ద పేరుకుంది. ఇంకు ఊరిన చోట భూతద్దం పెట్టి ఒక చుక్క వెనిగర్ వేశాను. సన్నటి బుడగలు. ఊరని చోట ఏమీ లేదు. ఊరిన మచ్చలు పెసరగింజంత, ఒక్కో కాగితానికి పది పన్నెండు. 5 గ్రాముల కాగితం కాలిస్తే 0.41 గ్రాముల బూడిద మిగిలింది. ఉడికించని నార అంతే కాలిస్తే 0.09. కాబ్ 39, అది కూడా మచ్చలతో కలిపి.

ఒక అనుమానం మిగిలింది. మిక్సీలో కొట్టిన గుజ్జులో నార ముడులు పడుతున్నాయి, సుద్ద ఆ ముడుల్లోనే దాక్కుంటోందేమో. ఏ కంపెనీ మిక్సీ అయినా నారను కోస్తుంది తప్ప నలగ్గొట్టదు. రోట్లో రోకలితో దంచిన పిడికెడు గుజ్జుతో చేసిన ఒక్క కాగితంలో మచ్చలు మూడే ఉన్నాయి. ఒక్క కాగితంతో తేల్చలేను. 16లో సగం దంచి, సగం మిక్సీలో వేసి పక్కపక్కన పెడతాను.

16కి సున్నం మానేసి సోడా యాష్, మూడు గంటలు. కడగడం వాననీళ్లతోనే, చివర్లో వెనిగర్ నీళ్లలో రాత్రంతా నానబెట్టడం. రావులపాలెం నుంచి బావమరిది తెచ్చిన నార ఇంకో రెండు కిలోలు ఉంది.

నిజం చెప్పాలంటే పటిక పద్ధతి మీద నాకు ప్రేమ లేదు. 1807లో జర్మనీలో ఇల్లిగ్ దీన్ని బయటపెట్టాక ప్రపంచమంతా వాడింది. పాత పుస్తకాలు పసుపెక్కి, మడత దగ్గర పెళుసుగా విరగడానికి పటిక వల్ల వచ్చే ఆమ్లం ఒక పెద్ద కారణం. నేను చేస్తున్నది అమ్మ పచ్చళ్ల కొలతలు రాసుకునే పుస్తకం. అది నా తర్వాత కూడా ఉండాలి. ఏకేడీ అనే సైజింగ్ రసాయనం అయితే క్షారంలోనే పనిచేస్తుంది, అప్పుడు సుద్ద ఉండటమే మంచిది. కానీ లీటరు, అరలీటరు అమ్మేవాళ్లు దొరకలేదు. మన పాత చేతికాగితాల దారి ఇంకోటి ఉంది: గంజి పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దడం. మచ్చలున్న 15వ విడత కాగితాలు ఎనిమిది మిగిలాయి. వాటిలో నాలుగింటికి రేపు పొద్దున అన్నం గంజి పూస్తాను. రుద్దడానికి గవ్వ దొరికింది. శుక్రవారం ఆరిన వాటికి కాబ్ తీస్తాను, ఈలోపు వాన పడితే రెండో డ్రమ్ము కూడా నింపుకోవాలి.