గేటు దగ్గర ట్యాంకరు

అనంతపురం వదిలి బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. వర్తూరు వైపు కొత్తగా పెడుతున్న ఓ స్కూలుకి ప్రైమరీ సిలబస్ తయారుచేసే పని నాకిచ్చారు. "గ్లోబల్‌గా ఉండాలి మేడమ్" అన్నారు. వాళ్ల మనసులో ఉన్నవి ఫ్రెంచ్, రోబోటిక్స్.

వారానికి 40 పీరియడ్లు. 2015 చట్టం ప్రకారం కర్ణాటకలో ఏ బోర్డు స్కూలైనా కన్నడ చెప్పాల్సిందే కాబట్టి, దానికి రెండు వేస్తే చాలన్నారు. నాకది మింగుడు పడలేదు.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్ అనే అంతర్జాతీయ సిలబస్) ప్రైమరీలో ఆరు పెద్ద అంశాలుంటాయి. వాటిలో ఒకటి, ఈ భూమిని అందరం పంచుకోవడం. దానికి సాధారణంగా అమెజాన్ అడవులు, ధ్రువపు ఎలుగుబంట్లు తెస్తారు. నేను గేటు దగ్గర ఆగిన నీళ్ల ట్యాంకరుతో మొదలుపెట్టాను. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఊరంతా టెన్షన్ పడింది పిల్లలకి గుర్తే. తొరెకాడనహళ్లి నుంచి సుమారు 100 కిలోమీటర్లు పంపు చేస్తే గానీ కావేరి మన కుళాయికి రాదు. ఆ నీళ్ల కోసం కర్ణాటక, తమిళనాడు ఎందుకు కోర్టుకెళ్లాయో అర్థమైతే, నైలు మీద ఇథియోపియా కట్టిన ఆనకట్టకి ఈజిప్టు ఎందుకు భయపడుతుందో పదేళ్ల పిల్లవాడికీ తెలుస్తుంది. నా దృష్టిలో గ్లోబల్ అంటే ఇదే.

నమూనా క్లాసుకి మాలూరు నుంచి వచ్చే ఆయమ్మని పిలిచాను. ఆమెకి కన్నడ, తెలుగు రెండూ వచ్చు. చిన్నప్పుడు ఎన్ని బిందెలు మోసేదో చెప్పింది. నీరు రెండు భాషల్లోనూ నీరే అని పిల్లలు గంతులేశారు. అప్పటిదాకా తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడిన పాప లేచి, "మేడమ్, పాలు హాలు అయింది, పులి హులి అయింది. అయితే మారతహళ్లిలో హళ్లి మన పల్లేనా?" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన, "రేపు మావాడు అమెరికా వెళ్తాడు కదండీ, కన్నడ దేనికి?" అన్నారు. "ఇక్కడ పక్కింటివాళ్ల మాట వినడం అలవాటైతే అక్కడా వింటాడండీ" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అయినా కన్నడకి నాలుగు పీరియడ్లు నిలబెట్టాను. ఫ్రెంచ్ ఐదో తరగతికి జరిగింది.

జూన్‌లో స్కూలు తెరుస్తారు. నీళ్ల పాఠానికి ఆయమ్మ వచ్చిన రోజుల్లో ఆమెకి టీచరుకిచ్చినట్టే విడిగా డబ్బు ఇవ్వాలని ఫైల్లో రాశాను. ఇంకా సంతకం కాలేదు.