లింకుల కోసం మెయిళ్లు పంపడానికి ముందు: ఒక చేనేత సైటుతో నా అనుభవం

మంగళగిరిలో చీరలు నేయించి అమ్మే ఒక కుటుంబం తమ వెబ్‌సైటు చూసుకునే పని నాకు అప్పగించినప్పుడు, యజమాని మొదట అడిగింది లింకుల గురించే. "ఐదు వేలిస్తే వేరే సైట్లలో మన సైటుకు ఐదొందల లింకులు పెట్టిస్తామని రోజూ మెయిళ్లు వస్తున్నాయండీ, తీసుకుందామా?" అన్నారు. వద్దనడం తేలికే గానీ, ఎందుకు వద్దో ఆయనకు నచ్చజెప్పవలసి వచ్చింది. ఒక సైటు మరో సైటుకు ఇచ్చే లింకును సిఫారసుగా లెక్కగట్టవచ్చన్న ఆలోచనతోనే స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని అంచనా వేసి శోధన ఫలితాలను వరుస పెట్టే తమ పేజ్‌ర్యాంక్ పద్ధతిని 1998లో లోకానికి వివరించారు. సిఫారసుకు విలువ ఉందని తేలగానే దాన్ని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ బయలుదేరారు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి అలాంటి సైట్లను ఫలితాల్లో కిందికి తోసింది. 2016 నుంచి ఆ వడపోత గూగుల్ ప్రధాన అల్గారిథంలోనే కలిసిపోయింది. డబ్బిచ్చి పెట్టించుకున్న లింకుకు, దీన్ని సిఫారసుగా లెక్కించవద్దని గూగుల్‌కు చెప్పే స్పాన్సర్డ్ అనో నోఫాలో అనో గుర్తు తగిలించాలన్నది ఆ సంస్థ నియమం. తగిలిస్తే ర్యాంకు కోసం కొన్నవాడికి ఆ ఫలం దక్కదు, తగిలించకపోతే నియమం తప్పినట్టవుతుంది.

ఇదంతా విని, "అయితే అడిగి తెచ్చుకోవాలన్నమాట. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా" అన్నారాయన. అడగవలసిందే, కానీ ఏ పేజీకి లింకు ఇమ్మని అడుగుతాం? చీరలు అమ్మే పేజీకి ఊరికే లింకు ఇచ్చేవారు ఉండరు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. అందువల్ల మెయిలు రాసే ఆలోచన పక్కన పెట్టి, పరాయివాడికి సైతం పనికొచ్చే పేజీ మా సైటులో ఏదైనా ఉందా అని వెతికాను. "అసలైన చేనేత చీరను గుర్తించడం ఎలా" అన్న పేజీ ఒకటి కనిపించింది గానీ, అందులో ఉన్నదంతా మిగతా సైట్లలో ఉన్నదే: అంచుల వెంబడి సన్నని రంధ్రాలుంటే అది చేనేత, లేకుంటే మరమగ్గం అని.

ఆ వాక్యాన్ని వాళ్ల దగ్గర నేసే పెద్దాయనకు చదివి వినిపిస్తే నవ్వారు. నేసేటప్పుడు బట్ట వెడల్పు ముడుచుకుపోకుండా రెండు అంచుల్లోనూ ముళ్లు దిగేలా ఒక కర్ర గుచ్చుతారని, నేత కొంత సాగగానే దాన్ని చేత్తో తీసి ముందుకు జరిపి మళ్లీ గుచ్చుతారని, అందుకే మగ్గం బట్టలో ఆ రంధ్రాలు కొంత దూరానికొక గుంపుగా, కొంచెం అటూఇటూగా పడతాయని ఆయన చూపించారు. మరమగ్గాలకూ ముళ్ల చక్రాలు బిగించడం ఉంది కాబట్టి రంధ్రాలు ఉన్నంత మాత్రాన చేనేత అయిపోదు; అక్కడ గుర్తులు యంత్రం తిరిగినట్టే ఒకే వరుసలో, ఎడతెగకుండా వస్తాయి. ఈ తేడాను పక్కపక్కన చూపే దగ్గరి ఫొటోలు తీయించాం. పగటి వెలుతురులో, బట్ట వెనుక తెల్లకాగితం పెట్టి, కొలతకు పక్కన స్కేలు ఉంచి తీసిన ఆ ఫొటోలే మా మొత్తం ప్రయత్నానికి పెట్టుబడి. బట్ట చేనేతదేనని చెప్పే ముద్రగా 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్‌నూ, మేలైన నాణ్యతకు గుర్తుగా 2015లో వచ్చిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్‌నూ ఒకటిగా కలిపి రాసే అలవాటు చాలా చోట్ల ఉండడంతో, ఆ రెండింటినీ విడదీసి చెప్పే భాగాన్ని కూడా చేర్చాం. ఇంగ్లిషులోనూ తెలుగులోనూ వేర్వేరు పేజీలుగా సిద్ధం చేశాకే ఎవరికి రాయాలన్న మాట ఎత్తాను.

జాబితా తయారు చేయడంలో ఎక్కువ శ్రమ చేర్చడంలో లేదు, తీసేయడంలో ఉంది. చేనేత, ఇకత్, కలంకారీ వంటి మాటలతో పాటు శీర్షికలో 'వనరులు' అన్న అర్థం వచ్చే మాట ఉన్న పేజీలను మాత్రమే చూపమని గూగుల్‌ను అడిగితే బోలెడు వచ్చాయి. బట్టల మీద రాసే బ్లాగులు, డిజైన్ విద్యాసంస్థల పఠన పట్టికలు, అమెరికాలోని తెలుగువారు నడిపే సంస్కృతి పత్రికలు, ప్రయాణ వ్యాసాలు అన్నీ అందులో ఉన్నాయి. డొమైన్ అథారిటీ అంకె చూసి వరుస పెట్టే అలవాటు ఈ రంగంలో బాగా పాతుకుపోయింది. అది మోజ్ అనే సంస్థ నూటికి వేసుకునే మార్కు మాత్రమే. గూగుల్ దాన్ని వాడదు. నేను దాన్ని కంటితో చూసి వదిలేసి, ప్రతి పేజీనీ తెరిచి చివరిదాకా చదివాను. ఏ విషయం మీదనైనా, ఎవరు డబ్బిచ్చినా వ్యాసం వేసే సైట్లు పది నిమిషాల చదువులో తెలిసిపోతాయి. చీరల పక్కనే క్యాసినో, దాని కింద వ్యక్తిగత రుణాలు ఉంటే ఆ వరుసను కొట్టేయడానికి వేరే కారణం అక్కర్లేదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని సైట్లు కూడా పోయాయి, రాసినా చదివేవారు ఉండరు కనుక.

మిగిలినవాటిని షీటులో ఎక్కించేటప్పుడు పేజీ చిరునామా, రాసినవారి పేరు, భాష, మెయిలు ఎక్కడ దొరికింది అనే అరలతో పాటు 'కారణం' అని ఒక అర పెట్టాను. ఈ మనిషికి ఈ పేజీ ఎందుకు పనికొస్తుందో అందులో ఒక్క వాక్యంలో రాయాలి. రాయలేకపోతే ఆ వరుస ఉండకూడదు. కొన్నిచోట్ల కారణం సులువుగా దొరికింది: వాళ్లు ఇచ్చిన పాత లింకు ఇప్పుడు తెరుచుకోవడం లేదు, పాత వెబ్ పేజీల ప్రతులు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో దాని పాత ప్రతి తీసి చూస్తే మా విషయమే ఉంది. ఇంకొన్నిచోట్ల అఖిల భారత చేనేత బోర్డు ఇప్పటికీ పనిచేస్తున్నట్టు రాసి ఉంది. దాన్ని కేంద్రం 2020 జూలైలో రద్దు చేసింది. దీనికీ మా పేజీకీ సూటిగా సంబంధం లేకపోయినా, రాసినవారికి ఉపయోగపడే మాట అది, కాబట్టి కారణం కిందే చేర్చాను. రంధ్రాలుంటే చేనేతే అని తేల్చేసిన పేజీలు అన్నిటికంటే ఎక్కువ. వాటికి రాయడమే కొంచెం సున్నితమైన పని, ఎందుకంటే తప్పు ఎత్తిచూపిన అపరిచితుడికి లింకు ఇవ్వాలని ఎవరికి అనిపిస్తుంది? పెద్దాయన చెప్పిన మాటను ఆయన మాటగానే చెప్పి, ఫొటో చూపించి ఊరుకోవడం తప్ప మరో దారి కనిపించలేదు.

మెయిలు చిరునామాలు ఊహించి కనిపెట్టే సాధనాలు చాలా ఉన్నాయి. సైటు వాళ్లు తమంతట తాము ప్రకటించిన చిరునామాకు మాత్రమే రాయాలని, అది లేకపోతే సంప్రదింపు ఫారంలో రాయాలని నిర్ణయించుకున్నాను. మర్యాద ఒక కారణం, చట్టం రెండోది. ఐరోపాలో 2018 నుంచి వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్ చట్టం అమల్లో ఉంది. అమెరికా 2003లో చేసిన క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం వ్యాపార మెయిలులో పంపినవారి తపాలా చిరునామా, ఇక వద్దని చెప్పే దారి ఉండాలి. వద్దన్నవారి కోరికను 10 పనిదినాల్లోగా తీర్చాలి. మేము రాయబోయేవారిలో అమెరికా తెలుగువారు గణనీయంగా ఉన్నారు కాబట్టి దుకాణం చిరునామాను ప్రతి మెయిలు అడుగునా పెట్టాం.

ఇక డొమైన్, అంటే మా సైటు పేరు సంగతి. కొనుగోలుదారులకు ఆర్డరు మెయిళ్లు వెళ్లేదీ ఇదే డొమైన్ నుంచి కాబట్టి, మా ప్రచారం వల్ల దానికి చెడ్డపేరు వస్తే చీర కొన్నవాళ్ల రసీదులు స్పామ్‌లో పడతాయి. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు బిగించాయి. రోజుకు 5,000కు పైగా పంపేవారికి కఠినమైన నియమాలున్నా, ఎస్పీఎఫ్ (డొమైన్ పేరుతో మెయిలు పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే వరుస) లేదా డీకిమ్ (మెయిలు ఆ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే డిజిటల్ సంతకం) ఉండాలన్నది, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదన్నది చిన్నవారికీ వర్తిస్తాయి. తక్కువ మెయిళ్లు పంపేవారికి ఒకరిద్దరు స్పామ్ అని నొక్కినా శాతం ఎగబాకుతుంది.

డొమైన్ వివరాలు నమోదై ఉండే డీఎన్ఎస్ పట్టిక తెరిచి చూస్తే అక్కడ ఎస్పీఎఫ్ వరుసలు రెండున్నాయి. ఒకటి ఇప్పటి మెయిలు సేవకు సంబంధించినది. రెండోది ఎప్పుడో వార్తాలేఖ పంపడానికి ఎవరో చేర్చి, ఆ సేవ మానేశాక తీయకుండా వదిలేసినది. రెండూ విడివిడిగా సరైనవే గానీ, ఒక డొమైనుకు ఎస్పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండుంటే అందుకునే సర్వరు ఏది నమ్మాలో తేల్చుకోక శాశ్వత దోషంగా నమోదు చేస్తుంది. పాతదాన్ని తీసేయడానికి అరనిమిషం చాలింది. డీకిమ్ సంతకాన్ని సరిచూసే కీ 2,048 బిట్లది కావడంతో ఒక ముక్కలో పట్టదు. టెక్స్ట్ వరుసలో ఒక్కో ముక్క 255 అక్షరాలకు మించరాదు కనుక రెండుగా విరిచి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఈ పరీక్షల్లో తప్పిన మెయిళ్లను ఏం చేయాలో అందుకునే సర్వరుకు చెప్పే డీమార్క్‌ను మొదట ఏ చర్యా కోరని విధంగా, నివేదికలు మాత్రం తెప్పించుకునేలా పెట్టి, అవి సవ్యంగా వస్తున్నాయని తేలాక గట్టిపరిచాను. తర్వాత జీమెయిల్, అవుట్‌లుక్, యాహూల్లో మా సొంత ఖాతాలకే పంపి, జీమెయిల్‌లో 'అసలు సందేశాన్ని చూపు' నొక్కి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా పాస్ అని ఉందో లేదో చూశాను.

మెయిలు రాయడం చివరిదీ, చిన్నదీ అయిన పని. తెలుగువారికి రాసిన నమూనా ఇది:

"నమస్కారం … గారూ, చేనేత చీరల మీద మీరు రాసిన వ్యాసం చదివాను. అందులో 'మరిన్ని వివరాలు' అన్న లింకు నొక్కితే పేజీ లేదని వస్తోంది. ఆ పాత పేజీలో అంచు రంధ్రాల గురించి ఉండేది. అదే విషయం మీద మా దగ్గర నేసే పెద్దాయన చెప్పిన తేడాలను ఫొటోలతో ఒకచోట పెట్టాం. పేజీ చిరునామా కింద ఉంది. మీ పాఠకులకు పనికొస్తుందనుకుంటే ఆ చోట ఇవ్వగలరు. మేము మంగళగిరిలో చీరలు నేయించి అమ్ముతాం, ఆ సంగతి దాచడం లేదు. ఇకమీదట రాయవద్దంటే ఒక్క మాట చెప్పండి, రాయను."

మెయిలు రాయడానికి పట్టిన సమయంలో మూడో వంతు, అవతలివారిని ఏ పేరుతో పిలవాలన్నదాని గురించే తల పట్టుకున్నాను. షీటులోని పేర్ల నుంచి మొదటి మాటను తీసి మెయిలులో చేర్చే సదుపాయం ఇంగ్లిషు పేర్లకు సరిపోతుంది; మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. "నమస్కారం కె. గారూ" అని వెళితే ఆ తర్వాత ఎంత చక్కగా రాసినా వృథా. కాబట్టి 'పిలవవలసిన పేరు' అని వేరే అర పెట్టి చేత్తో నింపాను. విషయం అరలో "మీ చేనేత వ్యాసంలో తెరుచుకోని లింకు" అని మాత్రమే రాశాను. ఫోనులో అంతకంటే పొడుగు కనబడదు. మెయిలు తెరిచారో లేదో పసిగట్టే కనబడని బొమ్మను పెట్టలేదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో బొమ్మలను ముందుగానే దింపుకునే ఏర్పాటు తెచ్చాక, తెరవని మెయిలు కూడా తెరిచినట్టే కనిపిస్తుంది కనుక ఆ లెక్క ఎలాగూ నమ్మదగినది కాదు.

ఎప్పుడు పంపాలన్నదానికి క్యాలెండరే సమాధానం ఇచ్చింది. 1905 స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. చేనేత మీద రాసేవారు తమ పాత వ్యాసాలను దుమ్ము దులిపేది ఆ ముందు వారాల్లోనే. జూలై మొదట్లో రోజుకు కొన్ని చొప్పున, ప్రతిదాన్నీ పంపేముందు మరోసారి చదివి, యజమాని పేరుతో పంపాం. జవాబు రానివారికి వారం ఆగి, అదే మెయిలు కిందనే రెండు వాక్యాలు గుర్తుచేసి, ఆపైన వదిలేశాం.

ఎక్కువమంది పలకలేదు, పలుకుతారని నేను యజమానికి మాట ఇవ్వనూ లేదు. పలికినవారిలో కొందరు లింకుకు రేటు చెప్పారు, వారి వరుసలో 'వద్దు' అని రాసి ముగించాను. కొందరు తెరుచుకోని లింకును తీసేసి, ధన్యవాదాలు చెప్పి, మాది పెట్టలేదు. అది వాళ్ల ఇష్టం. లింకు పెట్టినవారిలో ఎక్కువమంది, రంధ్రాలుంటే చాలని రాసినవారే కావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఒకరైతే తమ వ్యాసంలోని ఆ పేరాను మార్చి, మా ఫొటోను వాడుకోవచ్చా అని అడిగారు. పెద్దాయన పేరు కింద వేస్తే చాలన్నాం. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ సాధనంలోని లింకుల నివేదికలో ఇవి నెమ్మదిగా ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. జవాబుల్లో పదేపదే వచ్చిన ప్రశ్న జరీ గురించి: అసలు జరీని ఇంట్లో ఎలా పరీక్షించాలని. దాని మీద తర్వాతి పేజీకి ఫొటోలు తీయడం మొదలుపెట్టాం, పాత షీటులో ఆ ప్రశ్న అడిగినవారి వరుసల పక్కన గుర్తు పెట్టుకున్నాను.