జిస్ సున్నం కాదు: గల్ఫ్ పాతిళ్ల పనికి వెళ్లే మేస్త్రీలకు

ఉదయగిరి, కలిగిరి, కనిగిరి వైపు నుంచి గల్ఫ్‌కి పోయే బేల్దారులకు ఎక్కువగా దొరికేది బ్లాకు, టైల్స్ పనే. దుబాయిలో అల్ ఫహీదీ, 2014లో యునెస్కో జాబితాకెక్కిన జెద్దా అల్ బలద్ లాంటి పాత పేటల్లో మరమ్మతుకు పడితే మాత్రం అక్కడి మాటలు ముందు నేర్చుకోవాలి. మాట తప్పుగా అర్థమైతే సరుకు తప్పుతుంది.

జిస్ చూడ్డానికి మన సున్నంలాగే ఉంటుంది కానీ అది జిప్సం. సున్నాన్ని తడిపి రోజుల తరబడి మాగబెడతాం. జిస్ పావుగంటలోనే బిగుస్తుంది. అందుకని కొంచెం కొంచెంగానే కలపాలి. బకెట్లో ముందు నీళ్లు పోసి, పొడి పైకి తేలేదాకా చల్లి, కాస్త నాననిచ్చి అప్పుడు తిప్పాలి. బిగుస్తున్నదాంట్లో మళ్లీ నీళ్లు పోస్తే పట్టు పోయి, ఎండాక గోటికే రాలుతుంది. చిల్లుల పలకలు, పూల చెక్కుడు చేసేది దీంతోనే. తడి ఆరకముందే చెక్కాలి. నీళ్లు నిలిచేచోట ఇది పనికిరాదు.

ఆ పాత ఇళ్ల గోడది సముద్రపు పగడపు రాయి, ఒంటినిండా ఉప్పు. కూలిన గోడల రాయినే ఏరి వాడతారు. పగులు కనబడగానే సిమెంటు పూయడమే మనవాళ్లు చేసే పెద్ద తప్పు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. పూత వెనకాల ఉప్పు గడ్డకట్టి రాయిని పొడి చేస్తుంది. పైకి గోడ బాగానే కనబడుతుంది, తాపీ పిడితో తడితే బోలుగా మోగుతుంది. బ్రేకర్ పెట్టకుండా ఉలితో ఆ సిమెంటు విడదీసి, సున్నం 1 పాలు, ఉప్పులేని ఇసుక 3 పాళ్లు కలిపి, పొర 10 మిల్లీమీటర్లు మించకుండా పూయాలి. తడి గోనెలు కప్పకపోతే అక్కడి ఎండకి ఆ రోజే సన్న పగుళ్లు వస్తాయి.

చందల్ అంటే తూర్పు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన మడకర్ర, మన మిద్దెలో వాసం లాంటిది. కర్ర పొడవే గది వెడల్పు, 10–11 అడుగులు. పైన ఖర్జూరపాకు చాప, ఆ పైన మట్టి. మట్టిమిద్దె ఎరిగిన పెద్దమేస్త్రీకి ఇది కొత్తేం కాదు. కుళ్లు మొదలయ్యేది గోడలో దూరిన కొసలో. నడుమ గట్టిగా ఉందని వదిలేయకూడదు.

బార్జీల్ అంటే గదిలోకి పైనుంచి గాలి దించే బురుజు. 4 వైపులా తెరిచి, లోపల ఇంటూ గుర్తులా అడ్డగోడలుంటాయి. ఒకవైపు గాలి దిగితే ఎదురువైపు వేడి పోతుంది. అడ్డగోడ పగిలి దారులు కలిసిపోతే గది చల్లబడదు. బయటికి పొడుచుకొచ్చిన కర్రల్ని మిగులనుకుని కోయకండి. మరమ్మతుకు ఎక్కే సారవ అవే.

జెద్దాలో రోషన్ అంటే గోడ బయటికి వచ్చే టేకు జాలీ కిటికీ. ఉదయగిరి చెక్క చెంచాల పనితనం ఉన్నవాళ్లకు ఈ పని చక్కగా కుదురుతుంది. ఊడదీసేముందు ముక్కముక్కకీ నంబరు వేసి ఫోటో తీయాలి. ఇనుప మేకులు కొడితే సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉబ్బి చెక్కను చీలుస్తాయి.